పర్లాకిమిడిలో పిల్లల వాద్యబృందం పెట్టాం, నాలుగో ఆదివారానికే శ్రుతి చెడింది

మహేంద్రతనయ
మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేసి ఇరవై రెండేళ్లయింది. పెళ్లయ్యాక కమాను పట్టిన రోజుల కంటే పెట్టె మీది దుమ్ము తుడిచిన రోజులే ఎక్కువ. ఈ వేసవిలో మేము ఆరుగురం కలిసి, మా మేడ మీది హాలులో ఆదివారాలు పిల్లలకు ఉచితంగా వాద్యాలు నేర్పడం మొదలుపెట్టాం. ఒక్కొక్కరికి విడిగా పాఠం చెప్పి పంపడం కాదు. మొదటి రోజు నుంచీ అందరూ కూర్చుని కలిసి వాయించాలి, అలా వాయిస్తూనే నేర్చుకోవాలి. ఊరికి ఒక ఆర్కెస్ట్రా, అందులోనే బడి. ఇదీ మా ఆలోచన.

ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చారు, ఎనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా. సగం తెలుగు ఇళ్ల వాళ్లు, తక్కిన వాళ్లలో ఎక్కువమంది ఒడియా పిల్లలు, హాస్టలు నుంచి ముగ్గురు సవర గిరిజన పిల్లలు. మా దగ్గరున్నవి ఐదు వయొలిన్లు (ఒకదాని పొట్ట మీద పగులు), తలా ఒక చోట కొన్న ఏడు వేణువులు, రెండు హార్మోనియాలు, తబలా జత, ఒక మృదంగం, ఎవరో అమెరికా వెళ్తూ వదిలేసిన కీబోర్డు. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరు తనంతట తానే వచ్చి కూర్చుంటున్నారు.

నాలుగో ఆదివారం అందరినీ కలిపి స నుంచి పై స దాకా ఎక్కి దిగమన్నాను. వయొలిన్లది ఒక దారి, వేణువులవి ఏడు దారులు, క్లారినెట్ ఎవరి మాటా వినలేదు. హార్మోనియం మాస్టారు, నేను పిల్లల ముందే గొడవ పడ్డాం. ఆయన "శుద్ధ రి" అన్నారు. పిల్లలు నేను నేర్పిన శుద్ధ రి వాయించారు. ఆయన తప్పన్నారు, నేను ఒప్పన్నాను. పక్కింటావిడ పిట్టగోడ మీదుగా తొంగిచూసి "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మా" అని అడిగింది.

ఇది చాలదన్నట్టు మాలో ఇద్దరు దసరాకు కార్యక్రమం ఇవ్వాల్సిందే అంటున్నారు. బజారులో కనిపించినవాళ్లు "మీ పార్టీ రేటు ఎంత" అని అడుగుతున్నారు. సవర పిల్లలు మూడో వారం నుంచి రావడం మానేశారు. ఇలాంటిది నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ తప్పు చేశాం?

మూడో రీడు
తప్పు పేరులోనే ఉంది. మన వైపు ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిరి, జిగేలుమనే చొక్కా తొడుక్కున్న గాయకుడు, అర్ధరాత్రి దాకా సినిమా పాటలు. ఒడియా వాళ్లు దాన్నే మెలోడీ అంటారు. మీరు ఆర్కెస్ట్రా అని చెప్పుకుంటే పెళ్లి బేరాలు రాక ఏం వస్తాయి? వాద్యబృందం అనండి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ బృందం పెట్టినప్పుడు దానికి వాద్యవృంద అని పేరు పెట్టుకుంది. రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దాన్ని నడిపారు. తర్వాత మన ఈమని శంకరశాస్త్రి గారూ నడిపారు. ఉత్తరాది, దక్షిణాది వాద్యాలు ఒకే చాప మీద కూర్చోవడం మీ మేడ మీద పుట్టిన వింత కాదు, ధైర్యంగా ఉండండి.

చిల్లర లెక్కలు
పేరు సంగతి తర్వాత. మీరు ఆరుగురే అన్నారు, ఇంకొకరిని వెతకండి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి.

అప్పడాల బుట్ట
ఏడు స్వరాలు, ఏడుగురు సభ్యులు. తెల్లవాడికి సంగీతజ్ఞానం ఉన్నట్టే ఉంది.

చిల్లర లెక్కలు
ఉన్నది లెక్కల జ్ఞానం. మహేంద్రతనయ గారూ, ఇవాళే ఒక పుస్తకం తెరిచి ఏ వాద్యం ఎవరిది, ఎవరి ఇంట్లో ఉంది, ఏ స్థితిలో ఉంది అని రాసి సంతకాలు తీసుకోండి. ఇలాంటి సంఘాలు డబ్బు లేక మూతపడటం కంటే "ఆ తబలా మాది" అన్న మాట మీద మూతపడటమే ఎక్కువ చూశాను.

రెండున్నర శ్రుతి
టీచర్ గారూ, మీరూ మాస్టారూ ఇద్దరూ ఒప్పే. అదే అసలు చిక్కు.

హార్మోనియం మీద మొదటి తెల్ల మెట్టును స అనుకోండి. కర్ణాటక పద్ధతిలో శుద్ధ రిషభం అంటే దాన్ని ఆనుకుని ఉన్న నల్ల మెట్టు. ఉత్తరాది పద్ధతిలో శుద్ధ రే అంటే ఆ తర్వాతి తెల్ల మెట్టు, దాన్ని మనం చతుశ్రుతి రిషభం అంటాం. వాళ్లు కోమల రే అనేదే మన శుద్ధ రి. గాంధారానికి వస్తే ఇంకా తిరకాసు: మన శుద్ధ గాంధారం సరిగ్గా వాళ్ల శుద్ధ రే ఉన్న చోటే కూర్చుంటుంది. మీరు సరళీ స్వరాలు అందరిలాగే మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టి ఉంటారు, అందులో రి నల్ల మెట్టు మీద ఉంటుంది. ఆయన బిలావల్‌లో మొదలుపెట్టి ఉంటారు, అందులో అన్నీ తెల్ల మెట్లే. పిల్లలు ఇద్దరి మాటా విన్నారు పాపం.

శుద్ధ అనే మాటను కొన్నాళ్లు మీ హాలులో నిషేధించండి. ఇద్దరూ కలిసి శంకరాభరణం ఎత్తుకోండి. ఆయన బిలావల్ మెట్లూ అవే, కీబోర్డు వాళ్ల మేజర్ స్కేలూ అదే. మాయామాళవగౌళ ఎక్కడికీ పారిపోదు, ఆరు నెలల తర్వాత నేర్పవచ్చు.

క్లారినెట్ మాట వినకపోవడం కాదు, దాని పుట్టుకే అంత. బ్యాండు వాళ్ల క్లారినెట్ సాధారణంగా బి-ఫ్లాట్‌ది. ఆయన తన లెక్కలో సి ఊదితే బయటికి వచ్చేది ఆరున్నర శ్రుతి, అంటే బి-ఫ్లాట్. మీ స ఒకటి శ్రుతిలో, అంటే సి మీద ఉంటే ఆయన తన డి నుంచి మొదలుపెట్టాలి. ఈ ఒక్క మాట ఆయనతో ఎవరైనా అన్నారా?

ఇక వేణువులు. వయొలిన్ బిరడా తిప్పితే మారుతుంది, మృదంగాన్ని రాయితో కొట్టి కొంత పైకో కిందికో తేవచ్చు. వెదురుకు తొలిచిన రంధ్రం మాత్రం ఎవరి కోసమూ జరగదు. ఏడు చోట్ల కొన్న ఏడు వేణువులను పక్కన పెట్టి, ఒకే మనిషి చేత ఒకే శ్రుతికి ఏడు చేయించండి. శ్రుతి తగ్గేకొద్దీ వేణువు పొడవు పెరుగుతుంది, పిల్లల వేళ్లు అందవు. కాబట్టి మీ పిల్లల వేళ్లకు అందే వేణువు ఏదో ముందు తేల్చుకుని, మిగతా వాద్యాలన్నింటినీ దాని చుట్టూ కట్టుకోండి.

మహేంద్రతనయ
మాస్టారికి ఇప్పుడే ఫోను చేసి చదివి వినిపించాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత "అయితే నేను కూడా ఒప్పేనా" అన్నారు. ఆదివారం వస్తానన్నారు.

క్లారినెట్ ఆయనతో ఎవరం అనలేదు. అసలు ఆయనను ఏమీ అడగలేదు.

బల్లార్షా బండి
నేను అడ్డం మాట్లాడతాను. ఆర్కెస్ట్రా పెట్టాలనుకున్నప్పుడు వయొలిన్‌ను పాశ్చాత్యుల జి-డి-ఎ-ఇ కే శ్రుతి చేయండి, పిల్లలను కుర్చీల్లో కూర్చోబెట్టి గడ్డం కింద పట్టించండి, ఐదు గీతల స్వరలిపి నేర్పండి. ఆ లిపి వస్తే ప్రపంచంలో పిల్లల బృందాల కోసం రాసిన సంగీతమంతా చేతికి వస్తుంది. ముంబైలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అయినా, చెన్నైలో రహమాన్ గారి సన్‌షైన్ ఆర్కెస్ట్రా పిల్లలయినా ఆ దారిలోనే వెళ్లారు. స-ప-స-ప అని కూర్చుంటే పదేళ్లకు ఇరవై మంది పక్కవాద్యం వాళ్లు తయారవుతారు.

పక్కవాద్యం
పక్కవాద్యం అంటే అంత చులకనా?

మహేంద్రతనయ
బల్లార్షా గారూ, మా హాలులో నాలుగు చాపలున్నాయి, కుర్చీలు రెండు. అదీ మొదటి కారణం.

రెండోది, మా శ్రుతిలో కింది రెండు తీగలూ స-ప, పై రెండు తీగలూ స-ప. కింది స్థాయిలో ఏ వేళ్లు నేర్చుకున్నారో పై స్థాయిలోనూ అవే వేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లకు ఒక పాఠం నేర్పితే రెండు పాఠాలు వచ్చినట్టు. నేను ఏది నేర్పగలనో అదే కదా నేర్పాలి. పాశ్చాత్య పద్ధతి చెప్పే మనిషి కావాలంటే ఇక్కడికి ఎవరు వస్తారు, ఎన్నాళ్లు ఉంటారు?

కూర్చునే తీరు విషయంలో మాత్రం మీ మాటలో నిజం ఉంది. మా దగ్గరున్నవన్నీ పెద్దవాళ్ల వయొలిన్లు. మా చిన్న పిల్ల ఒకతె దాన్ని మడమ మీద ఆనించి, చివర ఉన్న బిరడా అందక, తలుపు పై గడియ తీయబోయినట్టు చేయి చాపి ఒంగిపోతుంది. ఎడమ భుజం నొప్పి అని వాళ్లమ్మ చెప్పింది.

సరళీ వరస
ఆ పిల్లకు ఆ వయొలిన్ ఇవ్వడం మానండి. ఎనిమిదేళ్ల వాళ్లకు సాధారణంగా సగం సైజు, పదికి అటూ ఇటూ ముప్పావు సైజు సరిపోతుంది. ఎడమ చేయి చాపితే వయొలిన్ తల అరచేతిలోకి రావాలి, మోచేయి కొంచెం వంగి ఉండాలి. మా అమ్మాయికి పెద్ద సైజు ఇప్పించి రెండేళ్లు పాడుచేశాను, అందుకే చెబుతున్నాను.

సిరొంచ గోదావరి
ఇది చదువుతుంటే మా ఊరి కథ మళ్లీ జరుగుతున్నట్టుంది. మాది సిరొంచ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. నది ఇవతల మహారాష్ట్ర, అవతల తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ కూడా వినిపిస్తుంది. పన్నెండేళ్ల కింద మేమూ ఇలాగే, భజన మండలిలో వాయించే నలుగురం కలిసి పిల్లల బృందం పెట్టాం. ఛారిటీ కమిషనర్ దగ్గర నమోదు చేయించాం, రశీదు పుస్తకాలు అచ్చు వేయించాం, అన్నీ పద్ధతిగానే చేశాం.

మొదటి ఏడాదే గణేశ ఉత్సవానికి కచేరీ ఒప్పుకున్నాం. అక్కడి నుంచి అంతా కచేరీ కోసమే. ఒకే రకం బట్టలు ఉండాలన్నారు, పద్దెనిమిది మందికి ఎర్ర కోటులు కుట్టించాం. స్పీకర్లు, మైకులు కొన్నాం. పిల్లలకు నాలుగు పాటలు బట్టీ పట్టించాం. ఆ నాలుగూ బ్రహ్మాండంగా వాయించారు, ఊరంతా మెచ్చుకుంది. ఐదో పాట ఎత్తమంటే ఎవరికీ రాదు, ఎందుకంటే వాళ్లకు స్వరాలు రావు, ఏ వేలు ఎప్పుడు పెట్టాలో మాత్రమే వచ్చు. మరుసటి ఏడాది పిల్లలు ఎదిగారు, కోటులు ఎదగలేదు. కొత్తవి కుట్టించడానికి చందాలు అడగబోతే "మళ్లీ ఆ నాలుగు పాటలేనా" అన్నారు. రెండున్నరేళ్లకు అంతా అయిపోయింది.

ఇప్పుడు నాకు బాధగా ఉండేది కచేరీ ఆగినందుకు కాదు. ఆ పద్దెనిమిది మందిలో ఇవాళ ఒక్కరు కూడా వాద్యం ముట్టుకోవడం లేదు. పక్క ఊళ్లో ఒక మాస్టారు ఏ కచేరీ లేకుండా ఐదుగురు పిల్లలకు గాంధర్వ మహావిద్యాలయ పరీక్షలు మొదటిదైన ప్రారంభిక్ నుంచి కట్టిస్తూ వచ్చారు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఇప్పుడు వేరే పిల్లలకు నేర్పుతున్నారు. అంతకంటే ఏం చెప్పను. దసరా వద్దు. కోటులు అసలే వద్దు.

అప్పడాల బుట్ట
ఆ ఎర్ర కోటులు ఏమయ్యాయి?

సిరొంచ గోదావరి
మా బావమరిది ట్రాక్టరు తుడుస్తున్నాడు.

బరంపురం పట్టు
సిరొంచ అన్నయ్యా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోను. మా అబ్బాయి మూడేళ్లు తబలా నేర్చుకున్నాడు. గురువుగారు మంచివారు, కానీ చేతులు తయారయ్యే దాకా నలుగురిలో వాయించకూడదని నియమం. వాడు వాయించింది వినేవాళ్లం నేను, గోడ. పదమూడో ఏట విసుగెత్తి వదిలేశాడు. తర్వాత మా ఊళ్లో ఠాకురాణి యాత్ర వచ్చింది, రెండేళ్లకోసారి జరిగేది. వీధిలో భజన వాళ్లకు తబలా మనిషి రాలేదని వీడిని లాక్కెళ్లారు. పది నిమిషాలు వాయించి ఉంటాడు. ఆ రాత్రి పన్నెండింటికి ఇంటికి వచ్చి మళ్లీ తబలా తీశాడు. వినేవాడు లేకపోతే పిల్లలు నిలవరు. పెద్ద కచేరీ వద్దు సరే, వారానికో ఇంటి అరుగు మీద ఒక్క స్వరవరస వాయించినా చాలు. ఎవరో ఒకరు వినాలి.

సిరొంచ గోదావరి
అరుగుకు నాకు అభ్యంతరం లేదమ్మా. అరుగు ఎక్కడానికి కోటు అక్కర్లేదు.

ఎడమచేతి డోలు
మొదటి పోస్టు నుంచీ చదువుతున్నాను. శ్రుతి, స్వరలిపి, కుర్చీలు, కోటులు అన్నీ మాట్లాడారు. క్లారినెట్ ఆయన గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. "తనంతట తానే వచ్చి కూర్చుంటున్నారు." అంతేనా?

మా నాన్న బ్యాండులో ముప్పై ఏళ్లు ట్రంపెట్ వాయించారు. గుణుపురం నుంచి టెక్కలి దాకా ఆయన నడవని పెళ్లి ఊరేగింపు లేదు. ఒడియా పెళ్లిలో ఏ పాట ఎక్కడ ఎత్తాలో, తెలుగు పెళ్లిలో ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. కొత్త సినిమా పాట సాయంత్రం రెండుసార్లు వింటే రాత్రికి బృందమంతా వాయించేది, కాగితం ముక్క లేకుండా. పదహారు మందికి ఎవరి వంతు ఏమిటో చెప్పి, నడుస్తూ, జనరేటరు పొగలో, శ్రుతి తప్పకుండా వాయించారు. మీరు మేడ మీద కూర్చోబెట్టి చేయలేకపోతున్నది అదే కదా? ఆ ఊళ్లో ఆర్కెస్ట్రా ఎప్పటి నుంచో ఉంది. దానిలో వాళ్లు ముందు ద్వారం నుంచి లోపలికి రారు, అంతే తేడా. పెళ్లి భోజనం చివరి పంక్తిలో పెడతారు, సభలో అయితే చోటే లేదు.

ఆయనను ఉచితంగా రమ్మనకండి. మీలో ఆరుగురికి జీతాలో పింఛన్లో ఉండి ఉంటాయి. ఆయనకు ఆదివారం ముహూర్తం ఉంటే అదే ఆ వారం బియ్యం. ఇంకొకటి, మీ పాఠాల రోజులు పంచాంగం చూసి పెట్టుకోండి. ఆషాఢంలో, మూఢాల్లో బ్యాండు వాళ్లందరికీ పని ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. ఆ రోజుల్లో వారానికి నాలుగు పూటలు పెట్టి డబ్బు ఇచ్చి పిలవండి. క్లారినెట్ ఒక్కరు కాదు, నలుగురు వస్తారు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వాళ్ల కోసం చూడకండి.

రెండున్నర శ్రుతి
దీనికి ఒకటి చేర్చాలి. శంకరాభరణంలో ఏం వాయించాలి అని టీచర్ గారు ఎలాగూ అడుగుతారు. ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరాలు ఉన్నాయి. కుంపిణీ కాలంలో మద్రాసు కోటలో తెల్లవాళ్ల బ్యాండు వాయించే వరసలు విని, వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. స్వరాన్ని ఊపే గమకాలు లేవు, చిన్న చిన్న పాదాలు, నడక సూటిగా ఉంటుంది. పదిమంది పిల్లలు ఒకే గొంతుగా వాయించడానికి అంతకంటే తేలికైనవి మన సంప్రదాయంలో నాకు తెలియవు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారంటారు.

ఎడమచేతి డోలు
అంటే మీ దీక్షితుల వారు కూడా బ్యాండు మేళం దగ్గరే నేర్చుకున్నారన్నమాట.

పక్కవాద్యం
ఈ మాటకు జవాబు లేదు. చప్పట్లు.

మహేంద్రతనయ
డోలు తమ్ముడూ, తప్పు నాదే. నాలుగు వారాలుగా ఆయన వస్తున్నారు, మంచినీళ్లు ఇచ్చాను, ఏ ఊరు అని అడిగాను, ఎలా నేర్చుకున్నారని అడగలేదు. మృదంగం, వయొలిన్ ఉన్న గదిలో క్లారినెట్ ఒక అతిథి అన్నట్టు చూశాను. నేను చదివిన కళాశాలలో మాకు చెప్పిన మొదటి కథ, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలుగా 1919లో అది మొదలైనప్పుడు అడిగినవాడికల్లా విద్య చెప్పాలని పెట్టారని. అది చెప్పుకుని మురిసిపోతుంటాను.

పూటకు ఎంత ఇవ్వాలి?

ఎడమచేతి డోలు
పెళ్లికి ఎంత వస్తుందో ఆయననే అడగండి. అందులో సగం ఇచ్చినా ఖాళీ రోజుల్లో సంతోషంగా వస్తారు. కవరులో పెట్టి ఇవ్వండి, పిల్లల ముందు ఇవ్వండి.

కాగితం మిల్లు
రాయగడ నుంచి. డబ్బు మాట వచ్చింది కనుక. వెనెజువెలాలో ఎల్ సిస్తేమా అని పిల్లల ఆర్కెస్ట్రాల పథకం ఉంది, హోసే ఆంటోనియో అబ్రెయు అనే ఆయన 1975లో కారకాస్‌లో ఒక గ్యారేజీలో పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టారు. ఈ రోజు లక్షల మంది పిల్లలు. మీది ఇరవై ఇద్దరు, అప్పుడే రెట్టింపు!

చిల్లర లెక్కలు
అబ్రెయు గారు సంగీతకారుడే కాదు, ఆర్థికవేత్త కూడా. ప్రభుత్వం చేత డబ్బు పెట్టించడం ఎలాగో తెలిసినవాడు, తర్వాత మంత్రి కూడా అయ్యాడు. వెనక చమురు ఆదాయం ఉన్న ప్రభుత్వం. మన టీచర్ గారి వెనక మేడ మీది నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. పోలిక కావాలంటే డార్జిలింగ్ దగ్గరి కాలింపాంగ్ చూడండి. అక్కడ గాంధీ ఆశ్రమం బడిని 1993లో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ అనే ఫాదరు పెట్టారు. కూలీల పిల్లలకు అన్నం పెట్టి, చదువు చెప్పి, అందరి చేతా వయొలిన్ పట్టించారు. అక్కడ వయొలిన్ ఆదివారం సంగతి కాదు, బడిలో రోజూ ఉండే పాఠం.

కాగితం మిల్లు
సరే, ట్యాంకులో చమురు పడితే చెప్పండి.

కొండగాలి
నేను గజపతి జిల్లా కొండ ప్రాంతంలో బడిలో పనిచేస్తాను. సవర పిల్లలు ఎందుకు మానేశారో ఊహించగలను. మీ హాలులో వాళ్లతో ఏ భాషలో మాట్లాడారు?

మహేంద్రతనయ
తెలుగులో. అర్థం కాకపోతే ఒడియాలో. వాళ్లు తల ఊపారు.

కొండగాలి
తల ఊపడం మా బడిలోనూ చూస్తాను, అది అర్థమైనట్టు కాదు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, ఆ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు వాళ్ల మాట రావాలని సవర నేర్చుకున్నారు. వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. అంత పని మీకు చెప్పడం లేదు. ముగ్గురిలో ఒకడిని మీ ఊరి పాట ఒకటి పాడు అని అడిగి, దాన్ని వయొలిన్ మీద మీరు వాయించి చూపించండి. తప్పు వాయిస్తే వాడే దిద్దుతాడు. ఆ రోజు నుంచి వాడికి ఆ గదిలో పని ఉంటుంది.

మూడో రీడు
గిడుగు వారు 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. భాష గొడవ ఆ ఊరికి కొత్త కాదు. ఇంతకీ టీచర్ గారూ, బల్ల మీద స్వరాలు ఏ లిపిలో రాస్తున్నారు?

మహేంద్రతనయ
అడగరనుకున్నాను. అడిగారు.

తెలుగులో రాశాను. తెలుగు పిల్లల్లో సగం మంది చదవలేకపోయారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో ఒడియానో ఇంగ్లిషో. మా ఇంట్లో మా అత్తగారికి ఈ సంగతి చెబితే ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాతి వారం ఒడియాలో రాశాను. మా ఆరుగురిలో ఒకాయన లేచి వెళ్లిపోయారు. ఆయన వెళ్లారు కనుక చిల్లర లెక్కలు గారూ, ఇప్పుడు ఇద్దరిని వెతకాలి.

రెండున్నర శ్రుతి
అంకెలు వేయండి. ఒకటి నుంచి ఏడు. చైనాలో బడిపిల్లలకు సంగీతం రాసే పద్ధతి అదే, పైస్థాయికి అంకె మీద చుక్క, కిందిస్థాయికి అంకె కింద చుక్క. బల్ల మీద అంకెలు, నోటితో స రి గ మ, ఎవరి పుస్తకంలో వాళ్ల లిపి. మా అమ్మమ్మకు చదువు రాదు, సరళీ వరసలన్నీ వచ్చు.

బల్లార్షా బండి
అంకెలయితే ఒప్పుకుంటాను. అక్కడి నుంచి ఐదు గీతలు ఎంతో దూరం లేవు.

బరంపురం పట్టు
పాటల జాబితాలో గోపాలకృష్ణ పట్టనాయక్ ఒకటైనా ఉండాలి. 19వ శతాబ్దంలో మీ పర్లాకిమిడిలోనే ఉండి అన్ని ఒడియా పాటలు రాసిన కవి. ఒడియా పిల్లల అమ్మమ్మలు పనులు మానుకుని వస్తారు.

మహేంద్రతనయ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇన్ని మాటలు చెప్పినవాళ్లకు ఏం జరిగిందో చెప్పాలి కదా.

దసరా వద్దని తేల్చాం. ఓటు పెడితే మూడుకు రెండు. ఓడిన ఇద్దరిలో ఒకరు ఇంకా అలకలోనే ఉన్నారు, అయినా చాపలు పరిచేది ఆయనే. బల్ల మీద అంకెలు. వెళ్లిపోయిన ఆయన ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి, అంకెలు చూసి, ఏమీ అనకుండా వెళ్లారు. ఈ వారం వస్తారో లేదో.

క్లారినెట్ ఆయనకు మొదటి కవరు ఇచ్చాను. తీసుకోలేదు, రెండోసారి తీసుకున్నారు. తన డి నుంచి మొదలుపెట్టమని చెప్పబోతే నవ్వి, "తెలుసమ్మా, మీరు ఏ శ్రుతిలో ఉన్నారో మీకే తెలియడం లేదని చూస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత పిల్లలను ఆయనకే వదిలేశాను. ఆయన ఎవరినీ వాయించమనలేదు. అందరినీ లేపి హాలులో గుండ్రంగా నడిపించారు. ఎడమ కాలు పడినప్పుడు ఒకటి, కుడి కాలుకు రెండు. నోటితో అంకెలు, కాళ్లతో తాళం. పావుగంట నడిచాక అలాగే నిలబెట్టి వేణువులు ఊదమన్నారు. స, రి, గ దాకా కలిసింది. మ దగ్గర విడిపోయింది. మళ్లీ నడిపించారు. పక్కింటావిడ పిట్టగోడ దగ్గరికి వచ్చింది, ఈసారి ఒంట్లో ఎలా ఉందని అడగలేదు.

సవర పిల్లల్లో ఇద్దరు వచ్చారు. చిన్నవాడు మృదంగం ఎడమ వైపు నేను రవ్వ ముద్ద పెడుతుంటే చూసి, హాస్టల్లో ఉప్మా ఇంత మెత్తగా ఉండదని ఒడియాలో అన్నాడు. వాడి పాట ఇంకా నాకు సరిగా రాలేదు. మూడుసార్లు దిద్దాడు.

వేణువులు చేయించాం. అన్నీ ఒకే శ్రుతి, ఆరు సరిగ్గా ఉన్నాయి, ఏడోది మొండిది. చిన్న వయొలిన్లు మాత్రం ఇంకా దొరకలేదు. కొత్తవి కొనే స్థోమత లేదు.

సిరొంచ గోదావరి
మా అటక మీద రెండున్నాయి. సగం సైజు ఒకటి, ముప్పావు ఒకటి. ఏళ్లుగా దించలేదు. కోటులతో పాటు కొన్నవే. మీకు పంపిస్తాను, ఎలా పంపాలో చెప్పండి. తీగలన్నీ విప్పేసి పంపనా?

రెండున్నర శ్రుతి
ఆగండి! అన్ని తీగలూ ఒకేసారి విప్పకండి. లోపల పైచెక్కకూ కిందిచెక్కకూ మధ్య ఒక పుల్ల నిలబెట్టి ఉంటుంది, దానికి జిగురు ఉండదు, తీగల బిగువుతోనే నిలుస్తుంది. అన్నీ విప్పితే పడిపోతుంది, మళ్లీ నిలబెట్టడం పర్లాకిమిడిలో ఎవరి తరమూ కాదు. కొంచెం వదులు చేసి, బ్రిడ్జి కింద మెత్తటి గుడ్డ పెట్టి, కమాను వెంట్రుకలు పూర్తిగా సడలించి పంపండి. ముందు పెట్టెను ఒకసారి ఊపి చూడండి. లోపల ఏదైనా దొర్లుతోందా?

సిరొంచ గోదావరి
ముప్పావుది ఊపాను. చప్పుడు లేదు. సగం సైజుది ఊపితే ఏదో కదులుతోంది. టార్చి వేసి ఆ ఎస్ రంధ్రంలోంచి చూశాను. పుల్ల కాదు. ఎర్ర కోటు గుండీ.